మునిగిపోయిన యుద్ధకాలపు ల్యాండింగ్ క్రాఫ్ట్‌ని సర్వే చేయడం ఎలా

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో సెల్సీ దగ్గర సుమారు 20 మీటర్ల లోతులో రెండు సెంటార్ రకం బ్రిటిష్ ట్యాంకులు, రెండు బుల్డోజర్లు పడున్నాయి, కానీ వాటిని మోసుకొచ్చిన పడవ మాత్రం అక్కడ లేదు. దాని పేరు ఎల్‌సీటీ 2428, అంటే ట్యాంకుల్ని ఒడ్డుకి దించే ల్యాండింగ్ క్రాఫ్ట్, 1944 జూన్‌లో డీ డే కోసం, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్ తీరంలో దిగిన దాడికోసం, నార్మండీకి బయల్దేరింది, దార్లో ఇంజిన్ ట్రబులిచ్చి, నీళ్ళెక్కి, టగ్గు వెనక్కి లాక్కొస్తుంటే బోల్తా కొట్టింది. సరుకంతా అక్కడే జారిపోయింది, ఖాళీ పడవేమో తేలుతూ పోతుంటే మిగతా ఓడలకి ప్రమాదమని ఆ టగ్గే కాల్చి ముంచేసింది. సౌత్‌సీ సబ్ ఆక్వా క్లబ్ డైవర్లు సరుకు పడ్డ చోటుకీ, పడవ మునిగిన చోటుకీ ఉన్న లింకు తేల్చారు.

అందుకే నీళ్ళలోకి దిగేముందు కాగితాలు తిరగేయండి, పడవలోకి ఏం ఎక్కించారో నేవీ రికార్డుల్లో చూసుకోండి, ఆ తర్వాతే సోనార్ (శబ్ద తరంగాలతో సముద్రం అడుగుని వెతికే పరికరం). పడవ, సరుకు ఒకేచోట ఉంటాయని మాత్రం అనుకోవద్దు.

పర్మిషన్ సంగతి ముందే కనుక్కోండి, సెల్సీ సైటుకి 2019లో చట్టపరమైన రక్షణ ఇచ్చారు. ట్యాంకుల ఫిరంగి గుండ్లు ఇంకా పేలే అవకాశం ఉంటుంది కాబట్టి ఏదీ ముట్టుకోకండి, ఒక్క బోల్టు కూడా పైకి తేవద్దు. కదిపిన వస్తువు మళ్ళీ దాని చోటు చెప్పలేదు.

ఆటుపోట్ల మధ్య నీరు నిలకడగా ఉండే టైంలోనే దిగాలి. 20 మీటర్ల దగ్గర గాలి పైకంటే 3 రెట్లు ఖర్చవుతుంది, అందుకని ఒక్కో డైవ్‌కి ఒక్క చిన్న పనే పెట్టుకోండి.

కొలతలకి ముందుగా ఒక టేపుని నేలమీద తిన్నగా లాగి రెండు చివర్లా బరువులు పెట్టండి, కావల్సిన ప్రతి పాయింటుకీ ఆ టేపు మీద రెండు చోట్లనుంచి దూరం కొలిచి రాసుకోండి. దిక్సూచిని నమ్మొద్దు, పక్కనే అంత ఇనుముంటే ముల్లు తప్పు చూపిస్తుంది.

ట్యాంకు ఏదో గుర్తుపట్టాలంటే చక్రాలు లెక్కపెట్టండి. నాచు, గవ్వలు పట్టేసినా పెద్ద గుండ్రాలు తెలుస్తాయి, ఒక్కో పక్క 5 పెద్దవి ఉంటే సెంటార్ రకం, 6 చిన్నవి జతలు జతలుగా ఉంటే షెర్మన్ అనే అమెరికన్ ట్యాంకు. బాగా కనబడాలని గీకేయకండి దయచేసి, ఆ పొరే ఇనుముని కొంత కాపాడుతుంది.

ఫోటోలకి లైటు తప్పనిసరి, ఆ లోతులో ఎరుపు రంగు మాయమైపోతుంది. ఒక్కో ఫోటోలో ముందు ఫోటోది 70 శాతం వరకు కనబడేలా, ఫ్రేములో స్కేలు పెట్టి, కాళ్ళకి తొడుక్కున్న ఫిన్స్‌తో బురద లేపకుండా నిదానంగా చుట్టూ తిరగండి, అప్పుడే 3డి మోడల్ కుదురుతుంది.

ప్లాస్టిక్ షీటు మీద పెన్సిల్‌తో రాసిన అంకెల్ని ఆ సాయంత్రమే కంప్యూటర్లోకి ఎక్కించేయండి, 7 రాశామో 1 రాశామో రెండ్రోజులయ్యాక మీతో జతగా దిగిన బడ్డీకి కూడా గుర్తుండదు.