పికప్‌లు మార్చినా గిటారు దారికి రాకపోతే

స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటారు సొంతంగా కట్టుకునేవాళ్లలో చాలామందికి బడ్జెట్ పికప్‌ల (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగాల) దగ్గరే దెబ్బతింటుంది. పేరున్న అమెరికా బ్రాండ్ సెట్టు ధరకు మన దగ్గర ఒక మామూలు గిటారే వచ్చేస్తుంది. అందుకే ఆర్టెక్, విల్కిన్సన్ లాంటివో, పేరులేని చైనా సెట్టో తెప్పించుకుంటారు. వాటిలో మంచివి చాలానే ఉన్నాయి. తేడా ఎక్కువగా పికప్‌లో ఉండదు, మిగతా సామానుతో అది పొసగకపోవడంలో ఉంటుంది. కాబట్టి ఇంకో సెట్టు ఆర్డర్ పెట్టేముందు ఒక మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ దగ్గర పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీకి ఒకసారి వెళ్తే రెండూ దొరుకుతాయి.

గుయ్‌మని ఒకటే హమ్

తీగల మీద చెయ్యి పెట్టి వినండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

చెయ్యి పెట్టగానే హమ్ తగ్గితే వైరింగ్ బాగానే ఉన్నట్టు. సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న పికప్) అంటేనే కరెంటు హమ్‌ను పట్టుకునే యాంటెనా. బాధ తగ్గాలంటే లోపలి గుంతకు రాగి టేపు అతికించి, దాన్ని గ్రౌండ్‌కు కలపండి. చెయ్యి పెట్టినా ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జికి (తీగలు ఆనే లోహపు భాగానికి) వెళ్లే గ్రౌండ్ వైరు ఊడిపోయింది, లేదా అసలు వెయ్యలేదు. చెయ్యి పెడితే హమ్ ఇంకా పెరిగిందంటే ఎక్కడో హాట్ (సంకేతాన్ని మోసే వైరు), గ్రౌండ్ తారుమారయ్యాయి. ముందు కేబుల్ గుచ్చే జాక్ దగ్గర చూడండి.

గిటారు మీద నింద వేసేముందు గోడ ప్లగ్ సంగతి కూడా చూడాలి. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా దాని వెనక ఎర్తింగ్ ఉండకపోవచ్చు. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడు శబ్దం మారితే దోషి ఆ రెగ్యులేటరే. హమ్ తగ్గుతుందని ఆంప్ ఎర్త్ పిన్ను మాత్రం తీసెయ్యొద్దు. అది ప్రాణం మీదికి తెస్తుంది.

కొనేటప్పుడు మధ్య పికప్ రివర్స్ వౌండ్, రివర్స్ పోలారిటీనా (కాయిల్ చుట్టు, అయస్కాంత ధ్రువాలు రెండూ తిరగేసినదా) అని అడగండి. అలాంటిదైతే రెండేసి పికప్‌లు కలిసి పలికే స్విచ్ 2, 4 స్థానాల్లో హమ్ చాలావరకు రద్దవుతుంది. 1950ల్లో గిబ్సన్ కోసం సెత్ లవర్ చేసిన రెండు కాయిళ్ల పికప్ హంబకర్ వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

2, 4 స్థానాల్లో ముక్కుతో పాడినట్టు పీలగా వస్తోంది

విడివిడిగా రెండు పికప్‌లూ బాగానే పలికి, కలిపితే బేస్ అంతా మాయమైతే అవి ఒకదానికొకటి అవుట్ ఆఫ్ ఫేజ్ ఉన్నాయి, అంటే ఒకదాని సంకేతాన్ని ఇంకొకటి కొట్టేస్తోంది. వేర్వేరు కంపెనీల పికప్‌లు కలిపి వేసినప్పుడు ఇది మామూలే. వైర్ల రంగులను నమ్మితే బోల్తా పడతారు. సేమర్ డంకన్ హంబకర్లలో హాట్ వైరు నలుపు, డిమార్జియో హంబకర్లలో ఎరుపు. చైనా సెట్లలో ఎవరిష్టం వారిది.

తేల్చుకోవడం సులువు. ముల్లున్న పాత అనలాగ్ మీటరైతే ఇంకా మంచిది. పికప్ రెండు వైర్లకూ మీటర్ కలిపి, స్క్రూడ్రైవర్ మొనను ఒక పోల్ (తీగ కింద ఉండే లోహపు కడ్డీ) మీద ఆనించి చటుక్కున పైకి లాగండి. ముల్లు ఒక్క క్షణం ఏదో ఒకవైపు కొట్టుకుంటుంది. మూడు పికప్‌లకూ అది ఒకే వైపు కొట్టుకోవాలి. తేడాగా ఉన్నదాని రెండు వైర్లూ అటూఇటూ మార్చి టంకం వెయ్యండి. ఒక్క జాగ్రత్త: దానికి లోహపు కవర్ ఉంటే ముందు కవర్ గ్రౌండ్‌ను వేరు చెయ్యాలి. లేకపోతే కవరే హాట్ అయిపోయి ముట్టుకుంటే బుర్రుమంటుంది.

టోన్ మొద్దుగా, దుప్పటి కప్పినట్టు ఉంది

ఎక్కువమంది డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే. ముందు పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లు) చూడండి. హంబకర్‌కు 500 కె (కిలో ఓమ్‌లు), సింగిల్ కాయిల్‌కు 250 కె అన్నది వాడుక. స్ట్రాట్‌లో ఉన్న 250 కె పాట్లనే ఉంచి హంబకర్ వేస్తే పైస్వరాలు మందగిస్తాయి. పైగా చవక పాట్లకు 20 శాతం వరకు తేడా ఉంటుంది. 500 అని రాసినది 400 చూపించినా ఆశ్చర్యం లేదు. సోల్డర్ చేసేముందే కొలవండి. పొడవైన నాసిరకం కేబుల్ కూడా ట్రెబుల్‌ను మింగేస్తుంది.

పాట్లు సరిగానే ఉంటే అప్పుడు పికప్ గురించి ఆలోచించండి. ప్రకటనల్లో ‘14 కె హై అవుట్‌పుట్’ అని ఊదరగొడతారు. ఆ అంకె రాగి తీగ రెసిస్టెన్స్ మాత్రమే, శబ్దం కొలత కాదు. సన్న తీగ చుట్టినా అంకె పెరుగుతుంది. పాతకాలపు స్ట్రాట్ పికప్ దాదాపు 6 కె, గిబ్సన్ తొలినాటి పీఏఎఫ్ తరహా హంబకర్ 7.5 నుంచి 8.5 కె. చుట్లు పెరిగేకొద్దీ మిడ్స్ పెరిగి ట్రెబుల్ తగ్గుతుంది. స్ట్రాట్ గలగల కావాలంటే ఆల్నికో 5 అయస్కాంత కడ్డీలే పోల్స్‌గా ఉన్నవి, 6 కె దరిదాపుల్లోవి తీసుకోండి. అడుగున సిరామిక్ బార్, పైన ఇనుప పోల్స్ ఉన్నవి చవక. డిస్టార్షన్ వాయించేవాళ్లకు అవేమీ తక్కువ కాదు.

ఒక తీగ గట్టిగా, ఒక తీగ నీరసంగా

పోల్స్ తీగల కిందకు రావడం లేదేమో చూడండి. స్ట్రాట్ పికప్‌లలో మొదటి పోల్ నుంచి ఆరో పోల్‌కు 52 మి.మీ., 50 మి.మీ. రెండు రకాలూ దొరుకుతాయి. బ్రిడ్జి వెడల్పును బట్టి కొనాలి. గమకాల కోసం తీగను బాగా లాగి వాయించే అలవాటుంటే, విడి పోల్స్ బదులు పొడవాటి బ్లేడ్ ఉన్న రైల్ పికప్ చూడండి. తీగ ఎటు జరిగినా దాని మీదే ఉంటుంది. అవి చాలావరకు సింగిల్ కాయిల్ గుంతలోనే పట్టే హంబకర్లు కాబట్టి చెక్క చెక్కే పనీ ఉండదు.

పై ఫ్రెట్లలో స్వరం వణుకుతోంది, ట్యూన్ నిలవడం లేదు

నెక్ పికప్ (గిటారు మెడ వైపుది) మరీ పైకి ఉంది. అయస్కాంతం తీగను లాగేస్తోంది. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి, సన్న తీగ వైపు 2 మి.మీ., లావు తీగ వైపు 2.5 మి.మీ. దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి. దీనికి స్క్రూడ్రైవర్ తప్ప పైసా ఖర్చు లేదు.

తీగలు మూసిపట్టినా గెయిన్ పెంచితే కీచుమంటోంది

కాయిల్ చుట్లు వదులుగా ఉండి కదులుతున్నాయి. పారఫిన్‌లో కాస్త తేనెమైనం కలిపి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి 65 డిగ్రీల దగ్గర కరిగించి, బుడగలు ఆగేదాకా పికప్‌ను ముంచి ఉంచాలి. నేరుగా మంట మీద పెట్టకండి, మైనం అంటుకుంటుంది. వేడి ఎక్కువైతే కాయిల్ చుట్టిన ప్లాస్టిక్ బాబిన్ వంకరపోతుంది.

అసలు శబ్దమే లేదు

విప్పకండి. గిటారుకు కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ రెండో కొన దగ్గర మొనకూ ఒంటికీ మీటర్ పెట్టి ఒక్కో పికప్ ఎంచండి. దాని అసలు విలువ కంటే కాస్త తక్కువ చూపిస్తే పికప్ బతికే ఉంది, ఆంపో కేబులో చూసుకోండి. సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్. దాదాపు పాట్ విలువే చూపిస్తే పికప్ లైను తెగింది: స్విచ్ అయినా కావచ్చు, కాయిల్ అయినా కావచ్చు. కాయిల్ తీగ వెంట్రుకంత సన్నం, ఎక్కువగా వైరు అతికిన చోటే తెగుతుంది. కొస కనిపిస్తే ఎనామెల్ గీకి అతికించొచ్చు. లోపలి చుట్లలో తెగితే చవక పికప్‌కు రీవైండింగ్ గిట్టుబాటు కాదు, కొత్తది కొనుక్కోవడమే.