థామస్ మిచెల్ గురించి ఊరి గ్రంథాలయంలో ప్రసంగించదలచినవారికి

పాలకొల్లు, భీమవరం, అమలాపురం ప్రాంతాల్లో నాటకం తెలిసిన ప్రేక్షకులకు కొదవ లేదు. పరిషత్తు పోటీల్లో కథానాయకుడి కంటే అతని పక్కన నిలబడిన ముసలి తండ్రి పాత్రధారికే ఎక్కువ చప్పట్లు పడిన సందర్భాలు వారికి అనుభవమే. అటువంటి సభలో పాత హాలీవుడ్ గుణచిత్ర నటుడి గురించి మాట్లాడదలిస్తే, థామస్ మిచెల్ కంటే మంచి ఎంపిక నాకు తోచదు.

ముందుగా జీవిత చరిత్ర చదవకండి, సినిమాలు చూడండి. 1939 ఒక్క సంవత్సరంలోనే ఆయన నటించిన ఐదు చిత్రాలు విడుదలయ్యాయి: 'స్టేజ్‌కోచ్', 'ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్', 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్', 'ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్', 'గాన్ విత్ ద విండ్'. వీటిని చూసేటప్పుడు దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచుకుని, ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపూ మిచెల్ ఏం చేస్తున్నాడన్నది మాత్రమే రాసుకోండి. ఆయన చెప్పిన సంభాషణలు ఎలాగూ గుర్తుంటాయి. వింటున్నప్పటి నటన రాసుకోకపోతే జారిపోతుంది.

'స్టేజ్‌కోచ్'లో ఆయనది తాగుబోతు వైద్యుడు డాక్ బూన్ పాత్ర. బండిలో పక్కన కూర్చున్న చిన్నపాటి మనిషి విస్కీ వ్యాపారి అని తెలియగానే, అతని నమూనా సీసాల సంచీపై డాక్టరుకు పుట్టుకొచ్చే మమకారాన్ని, ఆ సంచీ కోసమే అతనిపై కురిపించే ఆదరణను గమనించండి. తరువాత మజిలీలో తోటి ప్రయాణికురాలికి నొప్పులు మొదలైనప్పుడు, అదే మనిషి కాఫీ మీద కాఫీ తాగి మత్తు వదిలించుకుని పురుడు పోయడానికి సిద్ధమవుతాడు. ఈ రెండు ఘట్టాలను వెంటవెంటనే చూపించగలిగితే ప్రసంగంలో సగం పని అయిపోయినట్లే. 'గాన్ విత్ ద విండ్' నుంచి, భూమి ఒక్కటే నిలిచేదని, మిచెల్ పోషించిన తండ్రి కూతురికి చెప్పే ఘట్టం తీసుకోండి. డెల్టా రైతు కుటుంబాలకు దానికి వ్యాఖ్యానం అక్కరలేదు. భార్య పోయాక మతి చలించిన అదే తండ్రిని కూడా తప్పక చూపండి.

జీవిత విశేషాలను ఆ తరువాతే చెప్పండి. 1892 జూలై 11న న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎలిజబెత్ పట్టణంలో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో జన్మించాడు. మొదట పత్రికా విలేఖరిగా పనిచేసి, ఆపై చార్లెస్ కోబర్న్ నడిపిన షేక్‌స్పియర్ నాటక బృందంలో చేరి, న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో నటుడిగా, రచయితగా పేరు తెచ్చుకున్నాక, నలభై దాటిన వయసులో సినిమాల్లో స్థిరపడ్డాడు. ఇక్కడ కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రాటుదేలిన ఎస్.వి. రంగారావును ప్రస్తావించవచ్చు, అయితే మిచెల్‌ను 'హాలీవుడ్ రంగారావు' అనకండి, అది ఇద్దరికీ అన్యాయం. రంగస్థలం ఇద్దరికీ ఇచ్చిన క్రమశిక్షణ వరకే పోలిక ఆపండి.

అవార్డులకు రెండు నిమిషాలు చాలు. 'ది హరికేన్' చిత్రానికి ఆస్కార్ నామినేషన్, 'స్టేజ్‌కోచ్'కు ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్, 1953లో టెలివిజన్‌కు ఇచ్చే ఎమ్మీ, రంగస్థలానికి ఇచ్చే టోనీ రెండూ. ఆస్కార్, ఎమ్మీ, టోనీ మూడింటినీ అందుకున్న తొలి పురుష నటుడు ఆయనే. ఆ రోజుల్లో సహాయ నటులకు ఆస్కార్ ప్రతిమ కాక ఫలకం మాత్రమే ఇచ్చేవారన్న సంగతి సభలో తప్పక చెప్పండి. మన నాటకాలవారికి అది సూటిగా తగులుతుంది.

సార్వా కోతల రోజుల్లో సభ పెట్టకండి, ఎవరూ రారు. ఇంగ్లీషు సంభాషణలు అందరికీ అందవు కనుక, ప్రతి ఘట్టానికీ ముందు కథా సందర్భాన్ని తెలుగులో మూడు నాలుగు వాక్యాల్లో చెప్పి, ఘట్టం నడుస్తున్నప్పుడు మాత్రం మౌనంగా ఉండండి.

చివరి ఘట్టంగా 1946 నాటి 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో మిచెల్ పోషించిన బిల్లీ బాబాయిని చూపండి: మతిమరుపుకు విరుగుడుగా వేళ్లకు దారాలు కట్టుకునే ఆ పెద్దమనిషి, ఎనిమిది వేల డాలర్లను వార్తాపత్రికలో మడిచి తెలియక శత్రువు చేతికే ఇచ్చేస్తాడు. 1962లో నాటక వేదికపై డిటెక్టివ్ కొలంబోగా నటించి, అదే ఏడాది డిసెంబర్ 17న మిచెల్ కన్నుమూశాడని చెప్పి ముగించి, మిగిలిన పావుగంటను సభలోని నాటక కళాకారులకు వదిలిపెట్టండి.