వీడియోకు వీడియోతోనే బదులు: యూట్యూబ్‌లో వ్లాగర్ల బృందం కట్టుకోవడం ఎలా?

యూట్యూబ్‌లో చూసేవారిని పెంచుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు కోకొల్లలు. వీడియోలు చేసేవారు (వ్లాగర్లు) ఒకరికొకరు తోడు కావడం ఎలాగో చెప్పేవి మాత్రం వెతికినా దొరకవు. ఒకే చానల్ కింద జట్టు కట్టడం మనకు కొత్త కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలై, గంగవ్వను ఇంటింటికీ పరిచయం చేసిన మై విలేజ్ షో అలాంటి జట్టే. ఇక్కడ చెప్పబోయేది వేరు: ఎవరి చానల్ వారిదిగానే ఉంచుకుని, ఒకరి వీడియోకు మరొకరు వీడియోతో బదులిచ్చే అలవాటును పెంచుకోవడం.

ఒకప్పుడు ఈ పనికి యూట్యూబ్‌లోనే ఒక సదుపాయం ఉండేది. ఎవరి వీడియో కిందనైనా మన వీడియోను జవాబుగా జతచేయడానికి వీలుండేది. వాటిని నొక్కి చూసేవారు బాగా తక్కువన్న కారణంతో 2013లో దాన్ని తీసేశారు. తొలినాళ్ల వ్లాగర్లను కలిపి ఉంచింది అలాంటి ఇచ్చిపుచ్చుకోవడమే. అమెరికాలో జాన్ గ్రీన్, హ్యాంక్ గ్రీన్ అనే అన్నదమ్ములు 2007 జనవరి 1 నుంచి ఏడాదిపాటు ఉత్తరాలు, మెయిళ్లు, మెసేజ్‌లు మానేసి, పని దినాల్లో ఒకరి తర్వాత ఒకరు వీడియోలతోనే మాట్లాడుకున్నారు. వంతు తప్పినా, వీడియో నాలుగు నిమిషాలు దాటినా సరదా శిక్ష పడేది. చూస్తున్నవారిలో చాలామంది తామూ కెమెరా ముందుకు వచ్చారు. 2007 డిసెంబరులో సేవాసంస్థల గురించి అనేకమంది వ్లాగర్లు కూడబలుక్కుని వీడియోలు పెట్టడం కూడా ఆ బృందంలోంచి పుట్టినదే. ఇప్పుడు ఆ జవాబు సదుపాయం లేదు కాబట్టి, అది చేసిన పనిని మనం చేతితో చేసుకోవాలి.

ముందుగా మనుషులు కావాలి. ఆరుగురు నుంచి పదిమంది చాలు; ఇరవై దాటితే అది వాట్సాప్ గ్రూపు అవుతుందే తప్ప బృందం కాదు. వారిని సబ్‌స్క్రైబర్ల లెక్క చూసి ఎంచుకోకండి. మీలాంటి వీడియోల కింద ఎవరు ఆలోచించి రాస్తున్నారో, వారిలో ఎవరికి సొంత చానల్ ఉందో చూడండి. ఆపైన వారి వీడియోను చివరిదాకా చూసి కామెంట్ రాయండి. "సూపర్ బ్రో, నా చానల్ కూడా చూడండి" అన్నది కామెంట్ కాదు, గోడకు అంటించిన కరపత్రం. "నాలుగో నిమిషంలో మీరు చింతపండు గుజ్జును నూనెలో మగ్గించారు, మా ఇంట్లో దాన్ని విడిగా ఉడికించి అన్నంలో కలుపుతాం" అని రాస్తే, అవతలి మనిషి తప్పకుండా ఏదో ఒకటి అంటారు. అలా మూడు నాలుగు వారాలు గడిచాకనే బృందం మాట ఎత్తండి.

తర్వాతిది అసలైన పని, జవాబు వీడియో. పులిహోరనే ఉదాహరణగా తీసుకుందాం. రాజమండ్రి వ్లాగర్ ఒకరు ఆవ పెట్టిన పులిహోర చేసి చూపించి, చివర "మీ ఇంట్లో ఆవ పెడతారా, పెట్టరా?" అని అడిగారనుకోండి. "హలో ఫ్రెండ్స్, ఈ రోజు మనం పులిహోర చేద్దాం" అని కరీంనగర్ వ్లాగర్ మొదలుపెడితే అది మరో వంట వీడియో మాత్రమే అవుతుంది. మొదటి ఇరవై సెకన్లలోనే ఆ చానల్ పేరు చెప్పి, వారు అడిగిన ప్రశ్నను తన మాటల్లో మళ్లీ చెప్పి, "మా అమ్మ ఆవ పెట్టదు, నువ్వుల పొడి వేస్తుంది, ఎందుకో ఆమెనే అడుగుదాం" అని కెమెరాను వంటింట్లోకి తిప్పితే అది బదులు అవుతుంది. ఒప్పుకోవాల్సిన పని లేదు. నిజం చెప్పాలంటే, కాస్త విభేదించే జవాబుకే మూడో మనిషి బదులిస్తాడు. చివర మళ్లీ కొత్త ప్రశ్న ఒకటి వదలాలి. అది లేకపోతే మాట అక్కడే ఆగిపోతుంది.

వీడియోల మధ్య దారి వేయడం చిన్న పనే గాని, చాలామంది వదిలేసేది దీన్నే. డిస్క్రిప్షన్ మొదటి వరుసలోనే, అంటే "మరిన్ని" నొక్కకుండా కనిపించే చోటనే, ఏ వీడియోకు జవాబిస్తున్నారో దాని లింకు పెట్టండి. వీడియో చివర వేరే వీడియోలకు దారి చూపే ఎండ్ స్క్రీన్‌ను చివరి 5 నుంచి 20 సెకన్ల వరకు ఉంచుకోవచ్చు. అక్కడ మీ వీడియోకే కాక ఎదుటివారి వీడియోకూ చోటివ్వండి. మూల వీడియో చేసినవారు జవాబు లింకును కామెంట్‌గా రాసి పిన్ చేయాలి, అంటే అన్ని కామెంట్ల కంటే పైన నిలిపి ఉంచాలి. నెలకో ఉమ్మడి ప్లేలిస్ట్ తెరిచి సభ్యులందరికీ వీడియోలు చేర్చే అనుమతి ఇస్తే, కొత్తగా వచ్చినవారు మొత్తం సంభాషణను వరుసగా చూడగలుగుతారు. నెలకు ఒక్క ప్రశ్న చాలు, ప్రశ్న అడిగే వంతు మాత్రం అందరికీ తిరగాలి.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగువారు బృందంలో ఉంటే, అందరూ కలిసి చేసే లైవ్‌కు, అంటే ప్రత్యక్ష ప్రసారానికి, వేళ చూసి పెట్టుకోండి. మన శనివారం రాత్రి 9 గంటలు వేసవిలో డాలస్‌కు ఉదయం 10.30, మెల్‌బోర్న్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఇద్దరికీ కుదిరే వేళ కోసం పెనుగులాడకుండా లైవ్‌లను వంతులవారీగా మార్చుకోవడం మేలు.

"నువ్వు నాకు సబ్‌స్క్రైబ్ చెయ్యి, నేను నీకు చేస్తా" అనే గుంపుల జోలికి మాత్రం పోవద్దు. యూట్యూబ్ నియమాల ప్రకారం అది నిషిద్ధం. ప్రకటనల ఆదాయానికి కావలసిన 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ అనే గీతను త్వరగా దాటాలన్న ఆత్రంతో నేనూ ఒకసారి అలాంటి గుంపులో చేరాను. నెల తిరిగేసరికి మూడొందల మంది చేరారు, కొత్త వీడియోను పదకొండు మంది చూశారు. ఆ పదకొండు మందిలో ఇద్దరు మా ఇంట్లోవాళ్లు.

ఒకరి దృశ్యాలను మరొకరు వాడుకునే విషయంలో మొహమాటం పనికిరాదు. ఎన్ని సెకన్లు వాడుకోవచ్చు, పేరు ఎక్కడ వేయాలి, దాని కింద సినిమా పాట మోగుతుంటే ఏం చేయాలి అన్నవి ముందే రాసి పెట్టుకోండి. అనుమతి లేకుండా తమది వాడుకున్నారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే యూట్యూబ్ వేసేది కాపీరైట్ స్ట్రైకు; తొంభై రోజుల్లో అలాంటివి మూడు పడితే చానలే పోయే ప్రమాదం ఉంది కాబట్టి, బృందంలో ఎవరూ ఫోన్ చేసి మాట్లాడకుండా ఫిర్యాదు పెట్టకూడదన్నది మొదటి ఒప్పందం కావాలి.

ఇంకొక సంగతి. మీరు మీ వీక్షకులను మరొకరి చానల్‌కు పంపితే, వారిలోని నోటి దురుసు కూడా వెంట వెళ్తుంది. ఆ చానల్ ఒక మహిళది అయితే మరీను. చానల్‌ను నడుపుకునే యూట్యూబ్ స్టూడియోలో కొన్ని మాటలు వాడిన కామెంట్లను ఆపి ఉంచే ఏర్పాటు ఉంది, కానీ మనవాళ్లు తెలుగు తిట్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కోటి నాలుగైదు రకాలుగా రాస్తారు. కాబట్టి ఆ జాబితాలో తెలుగు లిపి రూపంతో పాటు ఆ రకాలన్నీ చేర్చాలి. సభ్యులందరూ కూర్చుని ఒకే జాబితా తయారుచేసి పంచుకుంటే, ఒకరికి తగిలిన తిట్టు మిగతావారి గడప దాటి లోపలికి రాదు. జాబితా రాసే పూట సిగ్గు పక్కన పెట్టక తప్పదు. జవాబు వీడియో పెట్టిన మొదటి రెండు గంటలు, వీక్షకులను పంపినవారే అవతలి చానల్ కామెంట్ల దగ్గర కాపలా ఉండటం మర్యాద.

ఏడాదికి ఒకసారైనా ముఖాముఖి కలవండి. హాలు, స్పాన్సరు అక్కర్లేదు. జనవరిలో హైదరాబాద్ నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక సాయంత్రం మిర్చి బజ్జీల దుకాణం ముందు కలుసుకున్నా సరిపోతుంది. ఆ రోజు అందరూ ఒకేసారి కెమెరాలు తీయడం సహజం, కనుక మొదటి గంట ఎవరూ తీయకూడదని ముందే అనుకోండి.

ఏదో ఒక నెల ప్రశ్నకు ఎవరూ బదులివ్వరు, పరీక్షల కాలంలోనో పెళ్లిళ్ల ముహూర్తాల్లోనో. అప్పుడు గ్రూపులో గుర్తుచేస్తూ మెసేజ్‌లు పెట్టకండి. అడిగినవారే రెండు నిమిషాల వీడియోలో తమ ప్రశ్నకు తామే జవాబు చెప్పి, వచ్చే నెల వంతు ఎవరిదో వారి చానల్ లింకును ఎండ్ స్క్రీన్‌లో పెట్టండి.