హైస్కూల్లో కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాది ఎలా చెప్పాలి: ముగ్గు చుక్కల నుంచి పైథాన్ దాకా

ల్యాబ్ తాళాలు చేతిలో పెట్టి "ఇక మీరే చూసుకోండి మాస్టారూ" అనిపించుకున్న లెక్కల టీచర్ల కోసం, సైన్సు టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తొమ్మిదో తరగతికి వారానికి రెండు కంప్యూటర్ పీరియడ్లు కూడా నావే. క్లాసులో 48 మంది పిల్లలు, పనిచేసే సిస్టాలు 12. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, నెట్ మీద ఆశ పెట్టుకోం. అయినా కోర్సు చక్కగా నడుస్తుంది. నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒక్కటే: రన్ నొక్కేముందు ఏం వస్తుందో పిల్లలు నోట్‌బుక్‌లో రాయాలి. రాయనివాళ్ళకి ఆ పూట కీబోర్డు లేదు.

ముందు ఏం చెప్పకూడదో చెబుతాను. సీపీయూ, మానిటర్ బొమ్మ గీసి భాగాలు గుర్తించమనడం, మొదటి తరం రెండో తరం పట్టికలు, కంప్యూటర్ పితామహుడనే బాబేజ్ మీద ఐదు మార్కుల ప్రశ్న. ఇవి జూన్ నెలంతా మింగేస్తాయి. పిల్లల్లో ఉత్సాహం పొంగేది జూన్‌లోనే. దాన్ని బట్టీకి ధారపోయకండి. భాగాల పేర్లు పనిలో పడితే వాటంతటవే వస్తాయి.

జూన్, జూలై: ల్యాబ్ తలుపు తీయకుండా

మొదటి పీరియడ్‌లో నాకు కావలసింది నల్లబల్ల, సుద్దముక్క, ఒక ముగ్గు. నాలుగు చుక్కలు, నాలుగు వరుసల చిన్న చుక్కల ముగ్గు కాగితం మీద వేసి ఒక అమ్మాయికిస్తాను. ఆమె బల్ల వైపు వీపు పెట్టి నిలబడాలి. ఇంకొకరు బల్ల దగ్గర సుద్దముక్కతో ఉంటారు. ఆమె నోటితో చెప్పినంతే గీయాలి, సొంత తెలివి వాడకూడదు.

"పక్క చుక్కకి కలుపు" అంటుంది. ఏ పక్కకి? "కిందికి లాగు" అంటుంది. ఎంతదాకా? క్లాసంతా అరుస్తుంటుంది, బల్ల మీద ముగ్గు ఎటో పోతుంది. ఇక్కడ మీరు నోరు మెదపొద్దు. కాసేపటికి ఆ పిల్లే దారి వెతుక్కుంటుంది: "రెండో వరుస, మూడో చుక్క నుంచి మూడో వరుస, మూడో చుక్కకి." మరి కాసేపటికి ఎవరో ఒకరు "ఇదే మళ్ళీ నాలుగు వైపులా" అంటారు. ఆ రెండు మాటలూ బల్ల మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. ఒకటి చోటుని అంకెలతో చెప్పడం, రెండోది చేసిందే మళ్ళీ చేయించడం. ఏడాది పొడుగునా చెప్పబోయేది చాలావరకు ఈ రెండిట్లోనే ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఇంట్లో ఫోన్ చేతికందే మగపిల్లలు కంప్యూటర్ అనగానే ముందుకొస్తారు, ఆడపిల్లలు వెనక బెంచీకి జరుగుతారు. ముగ్గుతో మొదలుపెడితే మొదటి రోజే ఆ వరుస మారిపోతుంది. ఆ మార్పు చాలాకాలం నిలుస్తుంది.

రెండో వారం హాజరు పట్టీ తీయండి. ఒకరు మనసులో ఒక రోల్ నంబరు అనుకోవాలి, మిగతావాళ్ళు కనిపెట్టాలి. "ఎక్కువ", "తక్కువ", "అదే" అన్న జవాబులే ఉంటాయి. ఒకటి నుంచి వరసగా అడిగితే 48 దాకా పోవచ్చు. ప్రతిసారీ మిగిలినవాటిలో మధ్య నంబరు అడిగితే ఆరు ప్రశ్నలు మించవు. "పక్క ఊరి స్కూల్లో వెయ్యి మంది ఉంటే?" అని అడగండి. ఐదారు వందలంటారు. పది ప్రశ్నలు చాలని బల్ల మీద సగం, సగంలో సగం చేసి చూపిస్తే వాళ్ళ మొహాలు చూడాలి.

తర్వాత ఆరుగురిని వరసగా నిలబెట్టి 32, 16, 8, 4, 2, 1 అని అట్టలివ్వండి. అట్ట పైకెత్తితే ఒకటి, దించితే సున్నా. ప్రతి ఒక్కరూ తమ రోల్ నంబరు తయారు చేయించాలి. 37 అంటే 32, 4, 1 పైకి, మిగతావి కిందికి. బైనరీ పద్ధతి నిర్వచనం తర్వాత ఎప్పుడైనా రాయించవచ్చు.

ఆగస్టు నుంచి దసరా దాకా: స్క్రాచ్

దీని మీద ఎక్కువ రోజులు పెట్టను. ఎంఐటీ వాళ్ళు 2007లో విడుదల చేసిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దిమ్మెలు ఒకదాని కింద ఒకటి అతికిస్తే ప్రోగ్రామ్ అవుతుంది, స్పెల్లింగ్ భయం ఉండదు. నెట్ అక్కర్లేని యాప్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించండి. కొత్త వెర్షన్‌కి విండోస్ 10 కావాలి. పాత సిస్టాల్లో 1.4 వెర్షన్ వేసుకుంటే చాలు. పిల్లి నడవాలి, గోడ తగిలితే తిరగాలి, ఆపిల్ తింటే స్కోరు పెరగాలి. స్కోరు దగ్గర వేరియబుల్ అంటే, మారే విలువని దాచుకునే పేరు అంటే, ఏమిటో అర్థమైపోతుంది. అక్కడితో ముందుకు కదలండి. ఇంకా ఉంచితే బొమ్మల దుస్తులు మార్చడంలో పడిపోతారు.

సిస్టమ్‌కి నలుగురైతే

ఇద్దరు సిస్టమ్ దగ్గర, ఇద్దరు వెనక బెంచీలో కాగితం మీద. సగం పీరియడ్ అయ్యాక అటూ ఇటూ మార్చండి. సిస్టమ్ దగ్గరున్న ఇద్దరిలో ఒకరు కీబోర్డు, ఒకరు నోట్‌బుక్. నోట్‌బుక్ పట్టుకున్నవాళ్ళు చెప్పాలి, కీబోర్డు దగ్గరున్నవాళ్ళు కొట్టాలి. చెప్పేవాళ్ళు మౌస్ ముట్టుకోకూడదు. పది నిమిషాలకోసారి నేను బల్ల మీద డస్టర్‌తో కొడతాను, చేతులు మారాలి. ఈ ఒక్క దాంట్లో మొహమాటపడితే, చురుకైనవాడే ఏడాదంతా కొడతాడు, పక్కపిల్ల చూస్తూ కూర్చుంటుంది.

కరెంటు పోతే కాగితం జట్టు పని అందరి పనీ అవుతుంది. అందుకే ప్రతి పీరియడ్‌కీ ఐదారు లైన్ల ప్రోగ్రామ్ ఒకటి బల్ల మీద రాసి ఉంచుతాను: "ఇది ఏం ప్రింట్ చేస్తుంది?"

దసరా తర్వాత: పైథాన్

దిమ్మెలు అతికించడం కాకుండా లైన్లు రాసి ప్రోగ్రామ్ చేసే భాష పైథాన్. విండోస్ 7 ఉన్న సిస్టాల్లో పైథాన్ 3.8 వేయండి, ఆ తర్వాతి వెర్షన్లు దాని మీద ఎక్కవు. రాసుకోవడానికి ఐడిల్ దానితోనే వస్తుంది. విండోస్ 10 ఉంటే థోనీ పెట్టండి. ఎస్తోనియాలోని టార్టు యూనివర్సిటీలో, నేర్చుకునేవాళ్ళ కోసమే తయారైంది. ప్రోగ్రామ్ ఒక్కో అడుగు వేస్తుంటే ఏ వేరియబుల్‌లో ఏముందో పక్కనే కనిపిస్తుంది. నా దృష్టిలో అంతకు మించిన బోధనోపకరణం లేదు.

మొదటి రోజు పాఠం ఇలా పెట్టండి. ఇన్‌పుట్‌తో రెండు సబ్జెక్టుల మార్కులు అడిగి, ప్లస్ గుర్తుతో కలిపి ప్రింట్ చేసే మూడు లైన్లు. తెలుగులో 35, లెక్కల్లో 40. "ఏం వస్తుందో రాయండి." అందరూ 75 అని రాస్తారు. రన్ నొక్కితే తెర మీద 3540.

అప్పుడు వెంటనే జవాబు చెప్పకండి. రెండు నిమిషాలు వదిలేయండి. "పక్కపక్కన అంటించింది సార్" అని ఎవరో ఒకరు అంటారు. అదే సంగతి. ఇన్‌పుట్ ఇచ్చేది అక్షరాల మూట, అంకె కాదు. ఇంట్ అని రాసి బ్రాకెట్‌లో పెడితే అంకె అవుతుంది. 75 అని నోట్‌బుక్‌లో ముందే రాసుకున్నారు కాబట్టే 3540 వాళ్ళకి వింత. రాయకుండా చూసుంటే "ఓహో" అని ముందుకు పోయేవాళ్ళు.

తర్వాత పాసా, ఫెయిలా. ఇఫ్ మార్కులు 35 కన్నా ఎక్కువ అయితే పాస్, ఎల్స్ ఫెయిల్. 80 కొట్టి చూస్తారు, పాస్. 12 కొట్టి చూస్తారు, ఫెయిల్. అయిపోయిందంటారు. "35 కొట్టు" అనండి. ఫెయిల్ అని వస్తుంది. క్లాసులో గోల లేస్తుంది, 35 అంటే పాస్ అని వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. "ఎక్కువ" వేరు, "ఎక్కువ లేదా సమానం" వేరు అని ఇక జన్మలో మరిచిపోరు. అప్పటినుంచి ప్రతి ప్రోగ్రామ్‌నీ గట్టు మీదా, గట్టుకి అటూ ఇటూ పరీక్షించమంటాను: 34, 35, 36.

వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోనివ్వండి. పైథాన్ 3 మొత్తం, సగటు, మార్కులు అన్న పేర్లని తెలుగు లిపిలోనే ఒప్పుకుంటుంది. తెలుగంకెల్లో ౩౫ అని కొట్టినా ఇంట్ దాన్ని 35గానే తీసుకుంటుంది. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవడమే.

ఆ రోజే "తెలుగు" అన్న మాట పొడవెంతో లెన్‌తో అడగండి. పిల్లలు మూడు అని రాస్తారు, పైథాన్ ఆరు అంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. గుణింతం గుర్తులకి విడివిడిగా నంబర్లున్నాయన్నమాట. యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక నంబరిచ్చే పద్ధతి) మన అ నంబరు 3077, ఆ 3078. "శ్రీ" ఎంతో మీరు చెప్పకండి, వాళ్ళనే విడగొట్టమనండి: శ, పొల్లు, ర, దీర్ఘం గుర్తు, మొత్తం నాలుగు. బైనరీ అట్టలు మళ్ళీ బయటికి తీయడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ప్రోగ్రామ్‌లో తప్పుంటే తెర మీద వచ్చే ఎర్రక్షరాలు చూసి పిల్లలు బెదురుతారు. కింది నుంచి చదవడం నేర్పండి. ఆఖరి లైనులో తప్పు రకం ఉంటుంది, దాని పైన లైను నంబరు. నేమ్ ఎర్రర్ అంటే చాలాసార్లు పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాశారని. మీరు వంగి వాళ్ళ కీబోర్డు మీద సరిచేయకండి. "ఆఖరి లైను చదువమ్మా" అనండి, చాలు.

సంక్రాంతి ముందు: తాబేలు ముగ్గు

పైథాన్‌లో టర్టిల్ అనే మాడ్యూల్, అంటే తెచ్చుకుని వాడుకునే రెడీమేడ్ ప్రోగ్రామ్, ముందే ఉంటుంది. 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ వంటివారు పిల్లల కోసం తయారుచేసిన లోగో భాష నుంచి వచ్చిన తాబేలిది. ఫైలుకి మాత్రం టర్టిల్ అని పేరు పెట్టనివ్వకండి. పెడితే పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలేసి మీ ఫైలునే తెచ్చుకుంటుంది, ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

ముగ్గు: 7 నుంచి 4, సందు చుక్క. వరుసలు 4, 5, 6, 7, 6, 5, 4. మొత్తం 37 చుక్కలు, ముందు కాగితం మీద లెక్కపెట్టించండి. చేసిందే మళ్ళీ చేయించే మాట ఫర్. ఒక ఫర్ లోపల ఇంకో ఫర్: బయటిది వరుసలకి, లోపలిది చుక్కలకి. చిక్కంతా వరుస ఎక్కడ మొదలవ్వాలన్న దగ్గరే. చుక్కకీ చుక్కకీ మధ్య 40 పెడితే, ఏడు చుక్కల వరుస మధ్య నుంచి ఎడమకి 120 దగ్గర మొదలవుతుంది, ఆరు చుక్కలది 100 దగ్గర. ఆ 20 తేడాయే సందు. చుక్కల సంఖ్యలో ఒకటి తీసేసి, 40తో గుణించి, సగం చేయాలన్న సూత్రం పిల్లలే పట్టుకుంటారు. చుక్కలు సరిగ్గా పడ్డాక గీతలు వాళ్ళిష్టం.

మార్కులెలా వేయాలి

సగం మార్కులు కాగితం మీద: ఈ లైన్లు ఏం ప్రింట్ చేస్తాయి, ఇందులో తప్పెక్కడ. సగం సొంత ప్రాజెక్టుకి. మధ్యాహ్న భోజనం లెక్క, పాల కేంద్రం చిట్టా, ఎక్కాల పోటీ, ఏదైనా సరే. ఫోన్‌లో ఎవరితోనో, దేనితోనో రాయించుకొచ్చినా కంగారుపడకండి. నా ఎదురుగా కూర్చోబెట్టి ఒక్క మార్పు అడుగుతాను: "లీటరు ధర మారితే ఎక్కడ మారుస్తావు? మార్చాక ఎంత వస్తుందో ముందు రాయి." తన ప్రోగ్రామ్ తనకి తెలిసిన పిల్లకి నిమిషం పట్టదు. తెలియకపోతే మార్కు తగ్గించను, వారం గడువిచ్చి మళ్ళీ రమ్మంటాను.

ప్రాజెక్టులన్నీ ఫిబ్రవరిలోపు ముగించి, రెండు పెన్‌డ్రైవుల్లో కాపీ చేసి ఒకటి హెచ్చెమ్ గారి బీరువాలో పెట్టండి. జూన్‌లో వచ్చే కొత్త తొమ్మిదో తరగతికి కాగితం మీద చదివించడానికి ఆ ప్రోగ్రాములే మొదటి పాఠాలు.