పరుగు మొదలుపెడుతున్నారా? ముందు పాదం సంగతి చూడండి

పాదంలో ఎముక విరగాలంటే మెట్ల మీంచి జారాలి, లేదా కాలి మీద బరువైనదేదో పడాలి అనుకునేవాణ్ణి. రోజుకు మూడు కిలోమీటర్లు నడిచే నేను పరుగు పోటీకి పేరిచ్చి, ఉత్సాహం కొద్దీ ఒక్కసారిగా ఎనిమిదికి పోయాను. మూడో వారంలో పాదం మీద, రెండో వేలికి కాస్త వెనగ్గా నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. హమ్మయ్య అనుకుని మళ్లీ పరిగెత్తాను. అదే నేను చేసిన తప్పు. దెబ్బేమీ తగలకపోయినా, పదేపదే పడే బరువుకు ఎముకలో వచ్చే సన్నటి బీట మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకి చిక్కకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయించాలి, లేదా ఎమ్మారై చేయించాలి.

ఈ బీటను ఇప్పుడు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నారు, పాదంలో వచ్చేదానికి పాత పేరు మార్చ్ (కవాతు) ఫ్రాక్చర్. కవాతు చేసే సైనికుల పాదాలు వాచిపోతున్నాయని అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాకు చెందిన సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే రాశాడు. లోపల విరిగింది ఎముకేనని తెలియడానికి ఎక్స్‌రే రావాల్సి వచ్చింది.

కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు తన పాత భాగాన్ని కరిగించుకుని, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. ఆ మధ్యకాలంలో అది బలహీనంగా ఉంటుంది. ఊపిరి, కండ మాత్రం త్వరగా అలవాటు పడిపోతాయి. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచితే దొరికిపోయేది ఇక్కడే. వారానికి పదో వంతు మించి పెంచొద్దనేది బండ లెక్కే అయినా, లెక్కంటూ లేకపోవడం కన్నా నయం. దూరం, వేగం, బూట్లు, నేల, ఈ నాలుగింటినీ ఒకే వారంలో మార్చకండి.

బరువు తగ్గాలని తిండి బాగా తగ్గించి పరిగెత్తేవాళ్లకు ముప్పు ఎక్కువ. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోతే, అది ఎముకలు కొట్టే అలారం. డాక్టర్ని కలవండి.

నొప్పి వస్తే వేలి కొనతో నొక్కి చూడండి. పాదమంతా పీకుతుంటే అలసట కావచ్చు. ఒక్క చోట నొక్కగానే ప్రాణం జివ్వుమంటే ఆ రోజు నుంచే పరుగు మానండి.

కాలు మడతపడితే పాదం బయటి అంచు మధ్యలో, చిటికెన వేలి వరుసలో తగిలే బొడిపెను నొక్కండి. అక్కడ నొప్పి ఉన్నా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే కావాల్సిందే. బెణుకేలే అని మర్దనా చేయించొద్దు. ఆ బొడిపెకు కాస్త ముందు రక్తప్రసారం తక్కువ, అక్కడ విరిగితే అతుక్కోవడం ఆలస్యం.

షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు నొప్పి కోసం ఎదురుచూడకూడదు. ఒక పాదం ఎర్రబడి, వాచి, రెండోదానికన్నా వేడిగా తగిలితే ఆ కాలు కింద మోపకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నాకు ఆరు వారాలు గట్టి అడుగున్న బూటు వేశారు. మొదటిసారే ఆగి ఉంటే ఇన్నాళ్లు పట్టేది కాదేమో.