మోడల్ విమానానికి రేడియో ఎంపిక: రిసీవర్ నుంచి మొదలుపెట్టండి

మోడల్ విమానాలు కొత్తగా ఎగరవేయాలనుకునేవారు సాధారణంగా చేతిలో పట్టుకుని నడిపే రేడియోను, అంటే ట్రాన్స్‌మిటర్‌ను చూసి ముచ్చటపడి కొంటారు. ముందు విమానంలో ఉండి దాని సిగ్నల్ అందుకునే రిసీవర్ సంగతి తేల్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ట్రాన్స్‌మిటర్ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. రిసీవర్ మాత్రం దాదాపు ప్రతి విమానానికీ ఒకటి కావాలి. పైగా దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్‌జ్ మీదే పనిచేస్తున్నా, ఫ్లైస్కై వారి ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ, స్పెక్ట్రమ్ వారి డీఎస్‌ఎంఎక్స్ వంటి పద్ధతులు ఒకదానితో ఒకటి కలవవు. అందువల్ల మీకు సులువుగా, భరించగలిగే ధరకు ఏ రిసీవర్ దొరుకుతుందో చూసుకుని, దానికి సరిపోయే ట్రాన్స్‌మిటర్‌ను తీసుకోండి.

ఓపెన్ సోర్స్ పద్ధతి అయిన ఎక్స్‌ప్రెస్ఎల్‌ఆర్‌ఎస్‌లో వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేస్తాయి కానీ, రెండు వైపులా ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ప్రధాన వెర్షన్ ఒకటే ఉండాలి. ఆ రిసీవర్లలో చాలావరకు డ్రోన్ల కోసం చేసినవి. విమానానికైతే సర్వోల (రడ్డర్ వంటి భాగాలను కదిలించే చిన్న మోటార్ల) ప్లగ్గులు నేరుగా పెట్టుకోగలిగే పీడబ్ల్యూఎం రకమే అడిగి తీసుకోండి. ఈ పద్ధతి పరికరాలు 2.4 గిగాహెర్ట్‌జ్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనూ వస్తాయి. మన దేశంలో 865–868 మెగాహెర్ట్‌జ్ లైసెన్సు అక్కరలేని బ్యాండ్. విదేశాల నుంచి తెప్పించే 915 మెగాహెర్ట్‌జ్ మాడ్యూళ్లకు ఆ వెసులుబాటు లేదు. నేర్చుకునే దశలో 2.4 గిగాహెర్ట్‌జ్ చాలు.

ఒక్కో నియంత్రణకు ఒక్కో ఛానెల్ కావాలి. థ్రాటిల్ (మోటారు వేగం), ఎలివేటర్ (ముక్కు పైకీ కిందికీ), రడ్డర్ (ముక్కు పక్కలకు), ఎయిలరాన్‌లకు (రెక్కలు వాల్చడం) నాలుగు ఛానెళ్లు సరిపోతాయి. అయితే రెండు రెక్కల సర్వోలను విడివిడిగా నడుపుతూ, నెమ్మదిగా దిగడానికి వాడే ఫ్లాప్‌లు కూడా చేర్చాలంటే ఆరు కావాలి కనుక ఆరింటికి తగ్గకండి. థ్రాటిల్ ఎడమ చేతికి వచ్చేది మోడ్ 2, కుడి చేతికి వచ్చేది మోడ్ 1. మీకు నేర్పేవారు ఏది వాడితే అదే కొనండి.

రిసీవర్ ఎంత మంచిదైనా దానికి అందే కరెంటు సరిగా లేకపోతే వృథా. నా బాల్సా విమానం ఒకటి మలుపులో ఉండగా అదుపు తప్పి పొలంలో పడింది. సిగ్నల్ పోయిందనుకున్నాను, విప్పి చూస్తే ఎలివేటర్‌ను సర్వోకు కలిపే పుష్‌రాడ్ బిగుసుకుపోయి ఉంది. 9 గ్రాముల సర్వో కూడా కదలలేక ఆగిపోతే అర ఆంపియర్‌కు మించి లాగుతుంది. రిసీవర్‌కూ సర్వోలకూ బ్యాటరీ నుంచి స్థిరమైన తక్కువ వోల్టేజీ ఇచ్చే బీఈసీ నాసిరకమైతే ఆ భారం మోయలేక వోల్టేజీ జారిపోతే రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. నాలుగు చిన్న సర్వోలకు 5 వోల్టులు, 3 ఆంపియర్ల బీఈసీని నేను కనీసంగా పెట్టుకుంటాను.

రెండు యాంటెన్నాలున్న రిసీవర్ తీసుకుంటే, వాటిని ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో అమర్చాలి. తీగ చివర తొడుగు లేకుండా కనిపించే సుమారు 31 మిల్లీమీటర్ల ముక్కే అసలు పనిచేసే భాగం. దాన్ని మడవకండి, కత్తిరించకండి, కార్బన్ ఫైబర్‌కూ బ్యాటరీకీ ఆనించకండి. నేను చిన్న ప్లాస్టిక్ స్ట్రా ముక్కలో దూర్చి ఫ్యూజ్‌లాజ్‌కు (విమానం మొండేనికి) టేపు వేస్తాను.

చివరగా, ప్రొపెల్లర్ తీసేసి, మోటారు నెమ్మదిగా తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపండి. మోటారు ఆగిపోవాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్‌ను (సిగ్నల్ పోతే రిసీవర్ ఏం చేయాలో చెప్పే అమరికను) మళ్లీ సెట్ చేయండి. ఆ తర్వాత, మీ ట్రాన్స్‌మిటర్‌లో సిగ్నల్ బలం తగ్గించి పరీక్షించే రేంజ్ చెక్ మోడ్ ఉంటే అందులో పెట్టి, మాన్యువల్ చెప్పిన దూరం నడిచి వెళ్లి, సర్వోలు తడబాటు లేకుండా కదులుతున్నాయో లేదో తోటివారిని విమానం దగ్గర నిలబెట్టి చూడమనండి.