మెరైన్ ట్యాంకులో నైట్రేట్ తగ్గించడం: ముందు లెక్క, తర్వాత నీళ్లు

ఉప్పునీటి చేపల ట్యాంకులో మేత, వ్యర్థాల నుంచి పుట్టే నైట్రేట్ 80 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) కనిపించగానే అందరూ చేసేది నీళ్లు మార్చడం. చేయాల్సిందే. కానీ నెలల తరబడి మారుస్తున్నా అంకె ఒకేచోట తచ్చాడుతోందంటే తప్పు మార్చే పద్ధతిలో లేదు, లోపలికి వస్తున్నదాంట్లో ఉంది.

లెక్క చూడండి. 200 లీటర్ల ట్యాంకులో రాళ్లు, ఇసుక పోగా నీళ్లు ఉండేది సుమారు 170 లీటర్లు. 45 శాతం ప్రొటీన్ ఉన్న పొడి మేత ఒక గ్రాము వేస్తే, దానిలోని నత్రజని అంతా నైట్రేట్ అయితే 0.32 గ్రాములు వస్తుంది. 170 లీటర్లలో అది 1.9 పీపీఎం. రోజుకు గ్రాము చొప్పున వారానికి 13. వారానికోసారి 25 శాతం నీళ్లు మారుస్తూ పోతే ఈ ట్యాంకు మార్చే ముందు 52, మార్చాక 39 దగ్గర కుదురుకుంటుంది. ఏడాదిపాటు మార్చినా అంతకన్నా దిగదు. అదే మేత సగం చేస్తే 26, 20కి వస్తుంది. నిజం ట్యాంకులో స్కిమ్మర్ (నురుగుతో మలినాన్ని తీసే పరికరం), నాచు, రాళ్లలోని బ్యాక్టీరియా కొంత తీసేస్తాయి కాబట్టి అంకెలు ఇంకా కిందే ఉంటాయి. దారి మాత్రం ఇదే.

ఎంతకు దించాలి? చేపలు మాత్రమే ఉంటే 40 లోపు చాలు. మెత్తటి కోరల్స్ (పగడాలు), ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌ల రాతి కోరల్స్) ఉంటే 5 నుంచి 20. ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌ల రాతి కోరల్స్) పెంచేవాళ్లకు 2 నుంచి 10. సున్నా లక్ష్యం కానే కాదు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ అడుగంటిన ట్యాంకులో కోరల్స్ పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల గోధుమరంగు జిగట ఇసుకంతా పరుచుకుంటుంది. దాన్ని వదిలించుకోవడం నైట్రేట్ దించడం కన్నా చాలా కష్టం.

ముందు కొలత సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి

నైట్రేట్ కొలిచే ఏపీఐ కిట్‌లో రెండో సీసా అడుగున పొడి పేరుకుంటుంది. దాన్ని 30 సెకన్లు గట్టిగా ఊపాలి, చుక్కలు వేశాక ట్యూబును నిమిషంపాటు ఊపాలి, ఆ తర్వాత 5 నిమిషాలు ఆగి రంగు చూడాలి. ఊపడంలో బద్ధకిస్తే 80 ఉన్నచోట 10 చూపించవచ్చు. రంగు కార్డు చివరికి చేరిపోయిందంటే ఒక వంతు ట్యాంకు నీళ్లకు నాలుగు వంతులు ఆర్‌ఓ-డీఐ నీళ్లు (ఆర్‌ఓ పొర, డీఐ రెసిన్ దాటిన స్వచ్ఛమైన నీళ్లు) కలిపి కొలిచి, వచ్చినదాన్ని 5తో హెచ్చించండి. నీళ్లలో నైట్రైట్ ఉంటే చాలా కిట్లు నైట్రేట్‌ను ఎక్కువగా చూపిస్తాయి, అందుకే ఇంకా సైకిల్ పూర్తికాని (అమోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోని) కొత్త ట్యాంకులో ఈ అంకెను నమ్మకండి. కొన్ని కిట్లు నైట్రేట్-నైట్రోజన్‌గా చెబుతాయి. దాన్ని 4.4తో హెచ్చిస్తేనే అసలు నైట్రేట్.

అదే కిట్‌తో మీరు పోసే నీళ్లను కూడా కొలవండి. ఎక్కువమంది చూడనిది ఇక్కడే. తాగునీటికి మన దేశంలో నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఆ పరిమితి దాటి ఉంటాయి. ఎండాకాలంలో ఫ్యాను పెట్టిన ట్యాంకులో రోజుకు 3 లీటర్లు ఆవిరైతే, ఆ లోటును 45 పీపీఎం బోరు నీళ్లతో పూడుస్తూ పోతే నెలకు 4 గ్రాముల నైట్రేట్, అంటే దాదాపు 24 పీపీఎం, మేతతో సంబంధం లేకుండానే చేరుతుంది. మరిగిస్తే నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. కార్బన్ క్యాండిల్ కూడా దాన్ని ఆపదు.

వంటింటి ఆర్‌ఓ మెషీన్ నీళ్లు పోస్తున్నారా? చాలావాటిలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, అది రుచి కోసం కొంత పచ్చినీటిని మళ్లీ కలుపుతుంది. దాన్ని పూర్తిగా మూసేయాలి. ఆర్‌ఓ పొర మిగతా లవణాలను ఆపినంతగా నైట్రేట్‌ను ఆపలేదు, కాబట్టి దాని తర్వాత డీఐ రెసిన్ తప్పనిసరి. టీడీఎస్ మీటర్ 0 చూపించేదాకా ఆ నీళ్లు ట్యాంకుకు పనికిరావు.

లోపల కుళ్లుతున్నదాన్ని బయటికి తీయాలి

చేపలు రెండు నిమిషాల్లో తినేసేంతే మేత వేయండి. గడ్డకట్టిన మేతను కప్పు ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, చిన్న వలలో వడకట్టి, ఆ రసం పారబోయండి. ఫిల్టర్ దూది లేదా సాక్ (వడపోత సంచి) మూడు రోజులకోసారి మార్చాలి, లేకపోతే పట్టిన మలినం అక్కడే నైట్రేట్ అయిపోతుంది. క్యానిస్టర్ ఫిల్టర్‌దీ (ట్యాంకు బయట ఉండే మూతపెట్టిన ఫిల్టర్) ఇదే సంగతి: రెండు వారాలకోసారి తెరిచి, సెరామిక్ రింగులను ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే జాడించాలి, కుళాయి కింద కాదు. బయోబాల్స్ (బ్యాక్టీరియా పట్టుకునే ప్లాస్టిక్ బంతులు) ఉంటే వారానికి పదో వంతు చొప్పున తీసేయవచ్చు. అవి అమోనియాను నైట్రేట్ దాకా తెస్తాయి, ఆపై దాన్ని వాయువుగా మార్చే పనికి కావలసిన ఆక్సిజన్ లేని చోటు వాటిలో ఉండదు. తీస్తున్నన్నాళ్లూ అమోనియా కొలుస్తూ ఉండండి.

ఇసుకను ఒక్కసారిగా కెలకకండి. నీళ్లు మార్చినప్పుడల్లా పావు భాగం సైఫన్‌తో శుభ్రం చేస్తే నాలుగు వారాల్లో అంతా అవుతుంది. 10 సెంటీమీటర్లకు మించిన పాత ఇసుకనైతే లోతుగా ముట్టుకోవద్దు. అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండవచ్చు, అది చేపలకు విషం.

నీళ్లు మార్చడం

80 నుంచి నాలుగుసార్లు 25 శాతం మారిస్తే 60, 45, 34, 25. వాటిని 3, 4 రోజుల ఎడంతో చేయండి. మన 170 లీటర్లకు ఒక్కో విడత 42 లీటర్లు. లీటరుకు సుమారు 36 గ్రాముల చొప్పున కిలోన్నర ఉప్పు. నీళ్లలో ఉప్పు కొద్దికొద్దిగా వేస్తూ పవర్‌హెడ్ (నీళ్లు తిప్పే పంపు) పెట్టి రాత్రంతా తిప్పి, రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పదనం కొలిచే పరికరం) 35 పీపీటీ (వెయ్యిలో వంతులు), ట్యాంకుతో సమానమైన వేడి వచ్చాకే పోయాలి. కోరల్స్ ఉంటే ఆల్కలినిటీ కూడా సరిపోల్చండి. నీళ్లు మార్చాక కోరల్స్ ముడుచుకుపోవడానికి ఎక్కువసార్లు కారణం నైట్రేట్ పడిపోవడం కాదు, ఈ తేడాలే.

మిగిలినదాన్ని నాచు, బ్యాక్టీరియా తీయాలి

పొరపాట్లను అన్నిటికన్నా బాగా తట్టుకునే మార్గం సంప్‌లో (ట్యాంకు కింద ఉండే అదనపు తొట్టి) కీటోమార్ఫా అనే నాచు. రాత్రిపూట 10 నుంచి 12 గంటలు లైటు ఇస్తే పగలు, రాత్రి పీహెచ్ తేడా కూడా తగ్గుతుంది. నాచు ఉన్న గది నిండగానే మూడో వంతు తీసి పారేయండి. తీయకపోతే నైట్రేట్ ట్యాంకు దాటదు. తెల్లబడి పీలికలైతే తాగినదంతా తిరిగి వదిలేస్తుంది.

వోడ్కా డోజింగ్ (నైట్రేట్ వాడుకునే బ్యాక్టీరియాకు మేతగా ఆల్కహాల్ వేయడం) బలమైన మందు, మంచి స్కిమ్మర్ లేకుండా మొదలుపెట్టకూడదు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న, ఏ రుచీ కలపని వోడ్కాను 1 మి.లీ. సిరంజితో, స్కిమ్మర్ పంపు దగ్గర, పగటిపూట వేయాలి. 100 లీటర్లకు రోజుకు 0.1 మి.లీ. చొప్పున 3 రోజులు, 0.2 చొప్పున తర్వాతి 4 రోజులు, ఆపై వారానికి 0.1 మాత్రమే పెంచండి. ఫలితానికి వారాలు పడుతుంది. నైట్రేట్ దిగడం మొదలవగానే పెంచడం ఆపాలి, కోరుకున్న అంకెకు వచ్చాక నెమ్మదిగా సగానికి దించాలి. ఎంత వేసినా కదలకపోతే ఫాస్ఫేట్ కొలవండి. అది సున్నా అయితే బ్యాక్టీరియా పెరగజాలదు, నైట్రేట్‌నూ వాడుకోజాలదు. ఎస్‌పీఎస్ ఉన్నవాళ్లు ఆల్కలినిటీ 8 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) చుట్టూ ఉంచండి, పైకి పోతే కొమ్మల కొనలు మాడతాయి.

నీళ్లు పాలలా తెల్లబడ్డాయంటే బ్యాక్టీరియా మితిమీరింది, అవి చేపల ఆక్సిజన్ లాగేస్తున్నాయి. డోసు ఆపి, ఎయిర్‌స్టోన్ పెట్టండి. ఇలాంటప్పుడు రాత్రి కరెంటు పోతే చేపలు గంటల్లోనే చనిపోవచ్చు, అందుకని బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొని పెట్టుకున్నాకే వోడ్కా సీసా తెరవండి.